ఫాదర్ బ్రౌన్ వెంట నడిచిన చెస్టర్టన్

అపరాధ పరిశోధక కథలు చదివే అలవాటున్న వారికి షెర్లాక్ హోమ్స్ పేరు తెలియకుండా ఉండదు. పొడవైన సన్నని మనిషి, చురుకైన చూపు, చేతిలో భూతద్దం. నేల మీద రాలిన పొగాకు బూడిదను చూసి నేరస్థుని గుర్తుపట్టగల మేధావి. 1887లో ఆయన కథలు మొదలైన సుమారు పాతికేళ్లకు, అదే ఇంగ్లండు దేశంలో మరో పరిశోధకుడు పుట్టాడు. ఈయన పొట్టివాడు. గుండ్రని అమాయకపు ముఖం. ఒక చేతిలో ఎప్పుడూ జారి పడిపోయే గొడుగు, మరో చేతిలో కాగితపు పొట్లాలు. రైలులో తోటి ప్రయాణికులు చూసి జాలిపడే రకం. ఈయన వద్ద భూతద్దం లేదు, తుపాకీ లేదు. ఈయన ఒక కతోలిక గురువు. పేరు ఫాదర్ బ్రౌన్.

ఈ పాత్రను సృష్టించిన రచయిత గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్. విచిత్రమేమంటే ఫాదర్ బ్రౌన్ కథలు వ్రాయడం మొదలుపెట్టిన నాటికి చెస్టర్టన్ కతోలికుడు కాదు. ఆ తరువాత పన్నెండేళ్లకు గాని ఆయన శ్రీసభలో చేరలేదు. సాధారణంగా రచయిత తన పాత్రను నడిపిస్తాడు. ఇక్కడ మాత్రం పాత్రే ముందు నడిచింది, రచయిత వెనుక నడిచాడు. ఆ నడక ఎలా సాగిందో తెలుసుకోవడం మనకు మేలు.

బాల్యం, చీకటి రోజులు

చెస్టర్టన్ 1874 మే 29న లండన్ నగరంలోని కెన్సింగ్టన్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి ఎడ్వర్డ్ ఇండ్లు, స్థలాల వ్యాపారం చేసే కుటుంబానికి చెందినవారు. ఆయనకు వ్యాపారం కంటే బొమ్మలు గీయడం, అట్టముక్కలతో బొమ్మల నాటకశాల తయారు చేసి పిల్లలకు కథలు చూపించడం ఇష్టం. ఆ బొమ్మల నాటకశాలే చెస్టర్టన్ ఊహాశక్తికి మొదటి బడి అయింది. అక్క బియాట్రిస్ చిన్నతనంలోనే చనిపోయింది. తమ్ముడు సెసిల్ 1879లో పుట్టాడు. అన్నదమ్ములిద్దరూ రోజంతా వాదించుకునేవారని, అయినా ఒక్కనాడూ తగవు పడలేదని ఆ ఇంటి కథ.

సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివిన తరువాత చెస్టర్టన్ చిత్రకళ నేర్చుకోవడానికి లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చేరారు. 1893 నుండి రెండేళ్లపాటు అక్కడ గడిపారు గాని పట్టా పుచ్చుకోలేదు. ఆ రెండేళ్లు ఆయన జీవితంలో చీకటి కాలం. దేవుడు, మంచి, చెడు అన్నవన్నీ మనసు కల్పించుకున్నవేనన్న నిరాశ అప్పటి యువకులను పట్టుకున్నట్లే ఆయననూ పట్టుకుంది. ఆత్మలను పిలిచే పలకలతో ఆటలాడారు. భయంకరమైన బొమ్మలు గీశారు. ఒక చిన్న నేరమైనా చేయని ఆ యువకుడు, ఎంతటి ఘోర నేరాన్నైనా తన మనసులో ఊహించుకోగలుగుతున్నందుకు తనలో తానే భయపడిపోయారు. ఈ సంగతిని వృద్ధాప్యంలో తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పుకున్నారు. పాఠకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఫాదర్ బ్రౌన్ పుట్టుకకు విత్తనం ఇక్కడే పడింది.

ఆ చీకటిలోనుండి ఆయన మెల్లగా బయటపడ్డారు. బ్రతికి ఉండడమే ఒక వరమన్న కృతజ్ఞత ఆయనలో మేలుకొంది. ఆ కృతజ్ఞతకు ఒక దేవుడు కావాలి కదా! ఆ దేవుని దగ్గరకు ఆయనను చేయిపట్టి నడిపించినది ఫ్రాన్సెస్ బ్లాగ్ అనే యువతి. ఆమె ఆంగ్లికన్ సంఘంలో భక్తిగల విశ్వాసి. 1901 జూన్ 28న వారి వివాహం జరిగింది. వారికి సంతానం కలుగలేదు. ఆ లోటు ఇద్దరినీ బాధించింది. కాని వారి ఇల్లు ఎప్పుడూ ఇరుగుపొరుగు పిల్లలతో నిండి ఉండేది.

ఆ రోజులలోనే చెస్టర్టన్ పత్రికా రచయితగా పేరు తెచ్చుకున్నారు. 1905 నుండి మరణించే వరకు ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రికలో వారం వారం శీర్షిక వ్రాశారు. మొత్తం మీద సుమారు 80 పుస్తకాలు, వేలకొలది వ్యాసాలు ఆయన కలం నుండి వెలువడ్డాయి. మనిషి కూడా రచనలంత భారీవాడే. ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. బరువు దాదాపు 130 కిలోలు. భుజాల మీద పెద్ద అంగీ, చేతిలో కత్తి దాచిన కర్ర. మతిమరుపు కూడా అదే స్థాయిలో ఉండేది. ఒకసారి ఉపన్యాసానికి బయలుదేరి, దారిలో ఏదో ఊరిలో దిగి, తానిప్పుడు ఎక్కడ ఉండాలో చెప్పమని భార్యకు తంతి పంపారు. ఇంటికి రమ్మని ఆమె జవాబిచ్చింది. ముందు ఇంటికి రప్పించి, మళ్లీ సరైన రైలు ఎక్కించడమే తేలికని ఆమెకు అనుభవం మీద తెలుసు.

కొండదారిలో ఒక గురువు

1904 ప్రాంతంలో చెస్టర్టన్ ఉపన్యాసం ఇవ్వడానికి ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ వెళ్లారు. అక్కడ కీత్లీ అనే ఊరిలో జాన్ ఓకానర్ అనే ఐరిష్ గురువుతో పరిచయమైంది. ఓకానర్ స్వాములవారు అప్పటికి సహాయ గురువు. చక్కగా చదువుకున్నవారు, హాస్యప్రియులు. ఇద్దరూ చెట్టూచేమా లేని కొండదారి వెంట ఇల్క్లీ అనే ఊరికి నడుచుకుంటూ వెళ్లారు.

దారిలో సంఘంలోని దురాచారాలు, నేరాలను గురించి తాను పత్రికలో ఒక ప్రతిపాదన చేయబోతున్నానని చెస్టర్టన్ చెప్పారు. ఓకానర్ స్వాములవారు అది పొరపాటు ఆలోచన అని మృదువుగా చెప్పి, ఎందుకు పొరపాటో వివరించడానికి తమకు తెలిసిన కొన్ని నిజాలు చెప్పారు. విన్న చెస్టర్టన్ నిర్ఘాంతపోయారు. తాను యవ్వనంలో ఊహించి భయపడిన చీకటికంటే లోతైన చీకటి లోకంలో ఉంది. ప్రశాంతంగా నవ్వుతూ పక్కన నడుస్తున్న ఈ బ్రహ్మచారికి ఆ చీకటి అంతా తెలుసు!

ఇద్దరూ ఇల్క్లీలో స్నేహితుల ఇంటికి చేరారు. అక్కడ కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇద్దరు యువకులు ఉన్నారు. వారు స్వాములవారితో సంగీతం గురించి, ప్రకృతి దృశ్యాల గురించి చాలాసేపు మాట్లాడారు. స్వాములవారు గది విడిచి వెళ్లగానే ఆ యువకులు ఆయన పాండిత్యాన్ని మెచ్చుకున్నారు. అయితే పాపం, నాలుగు గోడల మధ్య బ్రతికే ఇలాంటి వారికి లోకంలోని అసలు చెడుగు ఏమి తెలుస్తుందిలే అని పెదవి విరిచారు. చెస్టర్టన్‌కు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. చెడుగును గురించి ఆ గురువుకు తెలిసినదానితో పోల్చితే ఈ యువకులు ఉయ్యాలలోని పసిపాపల వంటివారు.

చూడడానికి ఏమీ తెలియని అమాయకుడు, నిజానికి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు. ఈ ఒక్క ఊహ మీద చెస్టర్టన్ తన పాత్రను నిలబెట్టారు. చురుకైన ఓకానర్ స్వాములవారిని కొంచెం మొద్దుగా మార్చారు. ఐరిష్ మనిషిని ఎసెక్స్ పల్లె గురువుగా చేశారు. గొడుగు, పొట్లాలు, నలిగిన టోపీ చేర్చారు. తెలివిని మాత్రం మార్చలేదు.

దొంగను మార్చిన కథలు

1910లో మొదటి కథ వెలువడింది. అది నీలి శిలువ కథ. నీలమణులు పొదిగిన వెండి శిలువను ఫాదర్ బ్రౌన్ తీసుకువెళుతుంటారు. ఫ్లాంబో అనే పేరుమోసిన ఫ్రెంచి దొంగ గురువు వేషం వేసుకుని ఆయన వెంట పడతాడు. ఆ దొంగను పట్టుకోవడానికి పారిస్ నుండి పోలీసు అధికారి వస్తాడు. చివరకు దొంగ ఎత్తులన్నీ ఈ పల్లె గురువుకు ముందే తెలుసునని బయటపడుతుంది. ఇవన్నీ మీకెలా తెలుసునని దొంగ ఆశ్చర్యపోతాడు. పాపసంకీర్తనం వినడం తప్ప వేరే పని లేనివానికి మనుషుల చెడ్డతనం తెలియకుండా ఎలా ఉంటుందన్నది గురువు ఇచ్చిన జవాబు సారాంశం. మరో మాట కూడా చెబుతారు. ఆ దొంగ గురువు వేషంలో ఉండి మానవుని తర్కబుద్ధిని చులకన చేసి మాట్లాడాడు. నిజమైన గురువు ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి, దొంగవేషం అక్కడే బయటపడిందట!

అసలు విశేషం తరువాతి కథలలో ఉంది. ఫాదర్ బ్రౌన్ ఫ్లాంబోను జైలుకు పంపడానికి తొందరపడరు. ఒక కథలో ఫ్లాంబో వజ్రాలు దొంగిలించి తోటలోని చెట్టెక్కి దాక్కుంటాడు. గురువు చెట్టు కింద నిలబడి, ఈ దారి ఒకచోట ఆగేది కాదని, రోజురోజుకూ కిందికే దిగుతుందని, సరదాగా మొదలుపెట్టినవారు ఎలా నీచులై ముగిశారో తాను చూశానని నచ్చచెబుతారు. వజ్రాలు చెట్టు మీదనుండి నేల రాలతాయి. ఫ్లాంబోకు అదే ఆఖరి దొంగతనం. తరువాత అతడే పరిశోధకుడై ఫాదర్ బ్రౌన్‌కు ప్రాణస్నేహితుడవుతాడు.

మరో కథలో హంతకుడు దొంగకాదు, పోకిరీ కాదు. నిత్యం ప్రార్థనలో గడిపే ఆంగ్లికన్ సహాయ బోధకుడు. దుర్మార్గుడైన తన అన్నను దేవాలయ గోపురం మీదనుండి సుత్తి విసిరి చంపుతాడు. ఎత్తైన చోట ఒంటరిగా నిలిచి ప్రార్థించేవానికి కింది మనుషులు పురుగులలాగా కనబడడం మొదలైతే ఎంత ప్రమాదమో ఈ కథ చెబుతుంది. ఫాదర్ బ్రౌన్ అతనిని పోలీసులకు అప్పగించరు. నిజం తెలుసునని చెప్పి, నిర్ణయం అతని అంతరాత్మకే వదిలివేస్తారు. అతడు తానే వెళ్లి నేరం ఒప్పుకుంటాడు.

ఇలా 1911 నుండి 1935 వరకు ఐదు సంపుటాలలో యాభై దాకా కథలు వచ్చాయి. 1927లో వచ్చిన నాలుగవ సంపుటంలో ఫాదర్ బ్రౌన్ తన రహస్యం వెల్లడిస్తారు. ఇతర పరిశోధకులు నేరస్థుని బయటినుండి, ఒక వింత జంతువును చూచినట్లు చూస్తారు. తాను మాత్రం ఆ నేరస్థుని స్థానంలో కూర్చుని, ఆ కోపం, ఆ ఆశ, ఆ అసూయ తనలోనూ ఉన్నాయని గుర్తించేవరకు ప్రార్థనతో ఆలోచిస్తారట. అప్పుడు ఆ పని ఎవరు చేశారో తెలిసిపోతుంది. చిత్రకళాశాలలో తన ఊహలకు తానే భయపడిన యువకుని అనుభవం ఇక్కడ ఒక గురువు నోట ధ్యానమై పలికింది.

భారతదేశంతో ఒక చిన్న ముడి

మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. 1909లో గాంధీగారు లండన్‌లో ఉన్నప్పుడు, భారత జాతీయవాదులను గురించి చెస్టర్టన్ తన శీర్షికలో ఒక వ్యాసం వ్రాశారు. భారతీయులు కోరుతున్నది ఇంగ్లీషువారి పార్లమెంటు, ఇంగ్లీషువారి పద్ధతులే అయితే అందులో భారతీయత ఏముందని ఆయన ప్రశ్న. ఈ వ్యాసం గాంధీగారిని బాగా ఆలోచింపజేసింది. దానిని తన ఇండియన్ ఒపీనియన్ పత్రిక పాఠకులకు పరిచయం చేశారు. ఆ ఏడాది నవంబరులోనే ఓడ ప్రయాణంలో హింద్ స్వరాజ్ వ్రాశారు.

రచయిత నడక

ఇక ఫాదర్ బ్రౌన్ ఇన్ని మంచి మాటలు చెబుతుంటే, ఆయనను సృష్టించినవాడు బయటే ఎందుకు నిలబడ్డాడు? ముఖ్యమైన కారణం ఫ్రాన్సెస్. తనకు విశ్వాసం నేర్పిన భార్యను వెనుక వదిలి ముందుకు నడవడం ఆయనకు చేతకాలేదు. 1914 చివరలో చెస్టర్టన్ తీవ్రంగా జబ్బుపడి నెలల తరబడి స్పృహ సరిగా లేకుండా పడి ఉన్నారు. 1915 పాస్కు పండుగ నాటికి గాని కోలుకోలేదు. ఆ దినాలలో ఫ్రాన్సెస్ ఓకానర్ స్వాములవారికి ఉత్తరాలు వ్రాస్తూనే ఉంది. 1918 డిసెంబరులో సైనికుడుగా ఉన్న తమ్ముడు సెసిల్ ఫ్రాన్సులోని ఆసుపత్రిలో చనిపోయాడు. అతడు అప్పటికే కతోలికుడు.

చివరకు 1922 జూలై 30న చెస్టర్టన్ శ్రీసభలో చేరారు. ఆయన నివసించే బీకన్స్‌ఫీల్డ్ ఊరిలో అప్పటికి కతోలిక దేవాలయం లేదు. రైల్వే హోటలుకు చేర్చి కట్టిన రేకుల గదిలో ఆ సంస్కారం జరిగింది. ఆయనను స్వీకరించిన గురువు మరెవరో కాదు, ఓకానర్ స్వాములవారే. కథలో ఫాదర్ బ్రౌన్‌గా మారిన మనిషి ముందు రచయిత మోకరించి తన పాపసంకీర్తనం చేశారు. ఫ్రాన్సెస్ కన్నీరు పెట్టుకుంటే ఆయనే ఆమెను ఓదార్చారు. నాలుగేళ్ల తరువాత 1926 నవంబరు 1న, సకల పునీతుల పండుగనాడు, ఆమె కూడా కతోలిక విశ్వాసం స్వీకరించింది. ఎందుకు కతోలికుడయ్యారని అడిగినవారికి చెస్టర్టన్ గొప్ప సిద్ధాంతాలు చెప్పలేదు. తన పాపాలు వదిలించుకోవడానికి అని మాత్రమే సమాధానమిచ్చేవారు.

తరువాతి సంవత్సరాలలో పునీత ఫ్రాన్సిస్ అసిసి, పునీత థామస్ అక్వినాస్ జీవితాలు వ్రాశారు. సొంత వారపత్రిక నడిపి చేతులు కాల్చుకున్నారు. పత్రికకు డబ్బు చాలనప్పుడల్లా మరో ఫాదర్ బ్రౌన్ కథ వ్రాసేవారు. 1930లో అపరాధ పరిశోధక రచయితలు లండన్‌లో ఒక సంఘం పెట్టుకుని ఆయననే మొదటి అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. అగాథా క్రిస్టీ కూడా అందులో సభ్యురాలు. 1936 జూన్ 14న చెస్టర్టన్ బీకన్స్‌ఫీల్డ్‌లో కన్నుమూశారు. ఆఖరి రోజులలో చూడవచ్చిన డొమినికన్ గురువు విన్సెంట్ మెక్‌నాబ్, మంచం పక్కన మరియమాత గీతం పాడి, బల్ల మీద ఉన్న ఆయన కలాన్ని ముద్దుపెట్టుకున్నారు.

ఆయనలోని లోటు

మంచివారి జీవితం చెప్పేటప్పుడు లోపాలు దాచడం మేలు కాదు. చెస్టర్టన్ యూదులను గురించి వ్రాసినవాటిలో అన్యాయమైనవి ఉన్నాయి. యూదులు ఇంగ్లండులో ఎప్పటికీ పరాయివారేనని, వారు ప్రత్యేకమైన దుస్తులతో గుర్తింపబడాలని 1920లో ఒక పుస్తకంలో వ్రాశారు. హిట్లరు అధికారానికి వచ్చి యూదులను హింసించడం మొదలుపెట్టినప్పుడు దానిని బహిరంగంగా ఖండించిన మాటా నిజమే. కాని ముందు వ్రాసినవి చెరిగిపోలేదు. ఆయనను పునీతునిగా ప్రకటించే ప్రక్రియ ప్రారంభించాలని ఎందరో కోరారు. నార్తాంప్టన్ మేత్రాణులు విచారణ జరిపించి, 2019లో అలా చేయబోమని ప్రకటించారు. స్థానికంగా ఆయన పట్ల భక్తి వ్యాపించకపోవడం, ఆయన ఆధ్యాత్మిక జీవితపు తీరు స్పష్టంగా తెలియకపోవడంతో పాటు యూదుల విషయంలో ఆయన రాతలు కూడా ఒక కారణమని చెప్పారు.

ఇక్కడ మనం నేర్చుకోవలసింది ఉంది. దొంగలోనూ హంతకునిలోనూ తనను తాను చూసుకున్న ఫాదర్ బ్రౌన్‌ను సృష్టించిన మనిషి, ఒక జాతి మొత్తాన్ని మాత్రం బయటినుండే చూశారు. పాత్ర నేర్పిన పాఠం ఆ ఒక్కచోట రచయితకు పూర్తిగా అందలేదు. ఇంతటివాడికే అలా జరిగితే మన సంగతి వేరే చెప్పాలా?

పాత్ర నడక ఆగలేదు

రచయిత మరణించినా ఫాదర్ బ్రౌన్ నడుస్తూనే ఉన్నారు. 1954లో ఆ కథల ఆధారంగా ఒక చలనచిత్రం వచ్చింది. అలెక్ గిన్నెస్ అనే ప్రసిద్ధ నటుడు ఫాదర్ బ్రౌన్‌గా నటించారు. తరువాత ఆయన బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్ చిత్రానికి ఆస్కార్ బహుమతి పొందారు. స్టార్ వార్స్ చిత్రంతో పిల్లలకు కూడా సుపరిచితులయ్యారు. ఫాదర్ బ్రౌన్ చిత్రం ఫ్రాన్సులోని ఒక పల్లెలో తీస్తున్న రోజులలో, ఒక సాయంత్రం ఆయన గురువు వేషంతోనే బసకు నడిచి వెళుతున్నారు. దారిలో ఒక చిన్న పిల్లవాడు పరుగున వచ్చి, నిజమైన గురువే అనుకుని, ఆయన చేయి పట్టుకుని కబుర్లు చెబుతూ కొంతదూరం నడిచి, సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. ముక్కూమొహం తెలియని మనిషిని, ఆ దుస్తులు చూసి ఒక పిల్లవాడు అంతగా నమ్మడం గిన్నెస్ మనసులో నాటుకుంది. కొంతకాలానికి ఆయన కుమారునికి పోలియో వచ్చింది. తండ్రి రోజూ పని ముగించుకుని ఒక కతోలిక దేవాలయంలో కూర్చుని ప్రార్థించేవారు. బాలుడు కోలుకున్నాడు. 1956లో గిన్నెస్ కతోలిక శ్రీసభలో చేరారు.

ఒక యార్క్‌షైర్ గురువు కొండదారిలో చెప్పిన నాలుగు నిజాలు, ఒక రచయితను, అతని భార్యను, ఆపై ఒక నటుని ఇంతదూరం నడిపించాయి. ఓకానర్ స్వాములవారు ఆనాడు చేసిందల్లా తన పనే. ఏళ్ల తరబడి పాపసంకీర్తనపు పీటలో కూర్చుని ఎవరినీ అసహ్యించుకోకుండా వినడం ఆయనకు అలవాటు. ఆ అలవాటు నుండే ఫాదర్ బ్రౌన్ పుట్టారు.

మన విచారణలలోనూ అలాంటి గురువులు ఉన్నారు. వారి చెవిన పడినవి వారితోనే సమాధిలోకి వెళతాయి. వారిని అమాయకులని మనం అనుకుంటాం. అలాగే మన వీధిలో ఎవరైనా తప్పు చేసి పట్టుబడితే, అలాంటి పని మనం కలలోనైనా చేయమన్నట్లు మాట్లాడుకుంటాం. ఈసారి అలా మాట్లాడబోయేముందు ఒక్క నిమిషం ఆగి, ఆ తప్పుకు మూలమైన ఆశగాని కోపంగాని నాలో ఉందా అని అడిగి చూద్దాం. జవాబు దొరికినవారు దానిని పొరుగువారికి చెప్పనక్కరలేదు. శనివారం సాయంత్రం గుడిలో స్వాములవారు ఎలాగూ పాపసంకీర్తనానికి కూర్చునే ఉంటారు.